టోరెంట్‌కి పర్దా ఉండదు

“దర్వాజా వేసుకుని కూర్చున్నా కదా, నేనేం దించుకుంటున్నానో ఎవడికి తెలుస్తుంది?” మన ఇళ్లలో కుర్రాళ్ల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. “మన దగ్గర దాచుకునేదేముంది, చూస్తే చూడనీ” అనే పెద్దల మాట అంతకంటే ఎక్కువసార్లు విన్నాను. రెండూ గలత్ అని నా ఖయాల్. టోరెంట్ వాడే ఇంట్లో ఈ రెండు మాటలూ కలిస్తే నుక్సాన్ తప్పదు. ఆ నుక్సాన్ కూడా తలుపేసుకున్న కుర్రాడి దగ్గరికి ముందు రాదు. నెట్ బిల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికి వస్తుంది. మన ఇళ్లలో ఆ పేరు అబ్బాది అయి ఉంటుంది, లేదంటే నెలనెలా డబ్బు పంపే భాయీజాన్‌ది.

టోరెంట్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. బ్రామ్ కోహెన్ అనే అమెరికా ప్రోగ్రామర్ 2001లో బిట్‌టోరెంట్ తయారుచేశాడు. అంతకుముందు పెద్ద ఫైల్ కావాలంటే అందరూ ఒకే సర్వర్ మీద ఎగబడేవారు. రేషన్ దుకాణం ముందు లైను లాంటిదది. ఈయన ఆ లైనే లేకుండా చేశాడు. ఒక పెద్ద కితాబు ఉందనుకోండి. దాని పుటలు విడదీసి మొహల్లాలో ఇంటికి కొన్ని చొప్పున పంచారు. కితాబు మొత్తం కావాలన్నవాడు ఇంటింటికీ తిరిగి తన దగ్గర లేని పుటలు నకలు చేసుకుంటాడు. తన దగ్గరున్నవి అడిగినవాళ్లకు నకలు ఇస్తాడు. ఎంతమంది చేరితే పని అంత జల్దీ అవుతుంది. మంచి దిమాగ్ ఉన్న ఆలోచన, అందులో షక్ లేదు.

కానీ పుట కావాలంటే మీ పతా చెప్పాలి. పతా చెప్పకపోతే పుట ఏ ఇంటికి పంపుతారు? ఇంటర్నెట్‌లో ఆ పతా పేరే ఐపీ అడ్రస్. ఒక ఫైల్ కోసం ఎవరెవరు చేరారో ఆ పతాల ఫెహ్‌రిస్త్ ట్రాకర్ అనే సర్వర్ దగ్గర ఉంటుంది. ట్రాకర్ లేకపోయినా డీహెచ్‌టీ అనే పద్ధతిలో వాడేవాళ్ల కంప్యూటర్లే ఆ ఫెహ్‌రిస్త్‌ను తలా కొంత మోస్తాయి. అడిగినవాళ్లందరికీ ఇస్తాయి. ఇక్కడ ఏ హ్యాకరూ కన్నం వేయనక్కర్లేదు. దాని తరీఖానే అంత. ఫలానా సినిమాను ఎవరెవరు దించుకుంటున్నారో తెలుసుకోవాలంటే ఆ గుంపులోకి తనూ ఒకడిగా వచ్చి నిలబడితే చాలు. సినిమా కంపెనీల తరఫున ఈ పనే చేసే సంస్థలున్నాయి. రాత్రింబవళ్లు పతాలు, టైములు రాసుకోవడమే వాటి నౌకరీ.

ఇంకో సంగతి. టోరెంట్‌లో తీసుకోవడం, ఇవ్వడం ఒకేసారి జరుగుతాయి. మీరు సినిమా దించుకుంటున్నాననుకుంటారు. వచ్చిన ముక్కలను మీ కంప్యూటర్ అప్పటికే ఇతరులకు పంచుతూ ఉంటుంది. చూసినవాడి కంటే పంచినవాడి మీద చట్టం ఎక్కువ కోపంగా ఉంటుంది. సెట్టింగుల్లో ‘ఎన్‌క్రిప్షన్’ అన్నచోట టిక్ పెట్టాను కాబట్టి బేఫికర్ అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ టిక్ మీ నెట్ కంపెనీ కళ్లకు కాస్త మసక కప్పుతుందేమో గానీ, గుంపులో మీ పక్కనే నిలబడ్డవాడికి మీ పతా మామూలుగానే కనిపిస్తుంది.

మా దూరపు రిష్తాలో ఒక అబ్బాయి చదువు కోసం జర్మనీ వెళ్లాడు. అక్కడ మన తెలుగాయన ఒకరి ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాడు. ఇక్కడ ఉన్నప్పుడు లాప్‌టాప్‌లో వేసుకున్న టోరెంట్ ప్రోగ్రామ్, కంప్యూటర్ ఆన్ కాగానే దానంతటదే మొదలయ్యేలా ఉంది. ఆ ఇంటి వైఫై కలిపిన సాయంత్రం నుంచీ, ఇక్కడ దించుకున్న సినిమాను అక్కడి పతా మీద పంచుతూ పోయింది. కుర్రాడికి ఖబరే లేదు. కొన్ని వారాలకు వకీళ్ల నుంచి చిట్టీ వచ్చింది. సినిమా పేరు, తారీఖు, గంట, నిమిషం, ఐపీ అడ్రస్, అన్నీ ఉన్నాయందులో. వందల యూరోలు కట్టాలి, మళ్లీ ఇలా జరగదని సంతకం చేసి పంపాలి. చిట్టీ వచ్చింది కుర్రాడికి కాదు, కనెక్షన్ తీసుకున్న ఆ ఇంటాయనకు! జర్మనీలో ఇలాంటి చిట్టీని ‘అబ్‌మానుంగ్’ అంటారు. అక్కడ ఇదొక పెద్ద కారోబార్. డబ్బు కుర్రాడే కట్టాడు. కానీ ఆ ఇంటాయన దగ్గర పోయిన భరోసా మళ్లీ రాలేదు. నెల తిరక్కుండా వేరే గది చూసుకోమన్నాడు.

అమెరికా లెక్క ఇంకా పెద్దది. 2007లో మిన్నెసోటా రాష్ట్రపు మహిళ ఒకామె మీద 24 పాటల కేసులో జ్యూరీ 2,22,000 డాలర్లు వేసింది. అది టోరెంట్ కాదు, కజా అనే అప్పటి ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్. మళ్లీ విచారణలు జరిగి అంకెలు పైకీ కిందికీ పోయినా, చివరికి 2012లో అప్పీల్ కోర్టు ఆ 2,22,000నే ఖాయం చేసింది. పాటకు 9,250 డాలర్లు పడినట్టు.

మన దేశంలో కూడా చట్టం ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద, తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. అయినా “సైట్లు నడిపేవాళ్లను పట్టుకుంటారు గానీ ఇంట్లో చూసుకునేవాడి జోలికి ఎవరొస్తారు?” అన్న ధీమా మనలో ఉంది. ఆ ధీమాతోనే విమానం ఎక్కుతాం. చదువులకు యూరప్, అమెరికా. నౌకరీలకు సౌదీ, దుబాయ్. ఇక్కడి ఆదత్ సూట్‌కేసులో కూడా వస్తుంది.

“వీపీఎన్ వేసుకుంటే సరిపోదా?” అని అడుగుతారు. దీని మీద కాస్త సాఫ్‌గా మాట్లాడుకోవాలి. వీపీఎన్ మీ పతా బదులు తన పతా చూపిస్తుంది, నిజమే. కానీ మీ రాజ్ అంతా ఆ కంపెనీ చేతిలో పెడుతున్నారు. ముఫ్త్‌గా ఇచ్చేవాడు ఏదో ఒకటి అమ్ముకోకుండా ఎలా బతుకుతాడు? ‘హోలా’ అనే ముఫ్త్ సర్వీసు సంగతి 2015లో బయటపడింది. దాన్ని వాడేవాళ్ల కనెక్షన్ల గుండానే పరాయివాళ్ల ట్రాఫిక్ పోయేది. ఆ దారినే అదే కంపెనీ ఇంకో పేరుతో డబ్బుకు అమ్మేది. పతా దాచుకుందామని వెళితే మన పతానే కిరాయికిచ్చారన్నమాట. డబ్బు కట్టి తీసుకున్న వీపీఎన్ అయినా మధ్యలో తెగిపోతే టోరెంట్ ఆగి మీ కోసం చూడదు. సెట్టింగుల్లో అడ్డు పెట్టుకోకపోతే అసలు పతాతో సాగిపోతుంది. 2022 ఏప్రిల్‌లో మన దేశపు సర్ట్-ఇన్ సంస్థ, వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలను ఐదేళ్ల పాటు ఉంచాలని ఆదేశించింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ లాంటివి ఇక్కడి సర్వర్లు ఎత్తేసుకుని వెళ్లాయి.

టోర్ వాడతామనేవాళ్లు ఇంకొందరు. దాన్ని తయారుచేసిన టోర్ ప్రాజెక్టు వాళ్లే 2010లో, టోరెంట్‌కు అది పనికిరాదని రాశారు. కొన్ని టోరెంట్ ప్రోగ్రాములు అసలు ఐపీ అడ్రస్‌ను సందేశం లోపలే పెట్టి ట్రాకర్‌కు పంపేస్తాయి. ముఖానికి నఖాబ్ వేసుకుని చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డట్టు!

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఎమిరేట్స్‌లో వీపీఎన్ వాడటమే నేరం కాదు. కానీ ఐపీ అడ్రస్ మార్చి నేరం చేసినా, నేరం బయటపడకుండా చూసినా 2021 నాటి సైబర్ చట్టం కింద జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఒక ఫ్రీ సినిమా కోసం ఒక ఖాందాన్ రోజీ పణంగా పెట్టడం ఎక్కడి హిసాబ్?

పతా ఒక్కటే కాదు, ఇంట్లోకి ఏం వస్తుందన్నదీ చూసుకోవాలి. టోరెంట్‌లో ప్రతి ముక్కనూ హ్యాష్ అనే లెక్కతో సరిచూస్తారు. దాని వల్ల ముక్క దారిలో పాడవలేదని తెలుస్తుంది. మొదట పెట్టినవాడు విషం పెట్టి ఉంటే, ఆ విషమే ఏ లోటూ లేకుండా మీ ఇంటికి చేరుతుంది. 2021 డిసెంబర్‌లో స్పైడర్‌మ్యాన్ కొత్త సినిమా పేరుతో తిరిగిన ఒక టోరెంట్‌లో, మన కంప్యూటర్ కరెంటుతో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే ప్రోగ్రామ్ ఉంది. 2016 మార్చిలో ‘ట్రాన్స్‌మిషన్’ అనే మంచి పేరున్న టోరెంట్ ప్రోగ్రామ్ సొంత వెబ్‌సైట్‌లోనే ఎవరో కాపీ మార్చిపెట్టారు. దాన్ని దించుకున్న మ్యాక్ కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే కీరేంజర్ దూరింది. మన ఇళ్లలో కంప్యూటర్ ఒక్కటే ఉంటుంది. నిఖా ఫొటోలు, అబ్బా పాస్‌పోర్టు స్కాన్, ఆపా వీసా కాగితాలు, జమీన్ దస్తావేజుల నకళ్లు, అన్నీ అందులోనే. తాళం పడితే అన్నిటికీ పడుతుంది.

తాళం పడకపోయినా ఖతరా ఉంది. లైమ్‌వైర్ రోజుల్లో చాలామంది తెలియకుండానే తమ కాగితాలున్న ఫోల్డర్ మొత్తాన్ని పంచుకునేలా పెట్టేశారు. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాదాపు 100 సంస్థలకు, మీ ఉద్యోగుల, ఖాతాదారుల వివరాలు ఫైల్ షేరింగ్‌లో తిరుగుతున్నాయని రాసింది. ఆఫీసులకే తెలియకపోతే మన ఇళ్ల సంగతి చెప్పాలా?

ఇక “దాచుకునేదేముంది” అనే పెద్దలకు ఒక మాట. పరాయి ఇంటికి వెళితే సలాం చెప్పి, ఇజాజత్ అడిగి, జవాబు రాకపోతే వెనక్కి వచ్చే అదబ్ మనది. ఆ ఇంట్లో ఏదో తప్పు జరుగుతోందని కాదు కదా అలా ఆగేది. ఇల్లు ఇల్లుగా ఉండాలంటే దర్వాజాకు ఒక పర్దా ఉండాలి కాబట్టి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పింది. హక్కు అంటే దోషికి మాత్రమే పనికొచ్చేది కాదు. అందరిదీ.

మనకు దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. ఐపీ అడ్రస్ కనెక్షన్‌ను చూపిస్తుంది, మనిషిని చూపించదు. ఆరుగురున్న ఇంట్లో, పాస్‌వర్డ్ తెలిసిన పక్కింటి పిల్లలు ఇద్దరున్న ఇంట్లో, ఏడాది కిందట ఎవరు ఏం దించారో అబ్బా ఎలా చెబుతారు? మొబైల్ నెట్‌లో అయితే ఒకే ఐపీ అడ్రస్ వెనక చాలామంది ఉంటారు. “చేసింది నేను కాదు” అని రుజువు చేసుకునే బోజ్ మాత్రం పేరున్నవాడి మీదే పడుతుంది. ఠాణాలో పేరు చెప్పగానే నాలుగు సవాళ్లు ఎక్కువ ఎదుర్కొనేవాళ్లకు ఆ బోజ్ ఎంత బరువో నేను చెప్పనక్కర్లేదు.

ఇంత చెప్పి టోరెంట్‌ను ఇంట్లోకి రానివ్వొద్దని నేననను. ఉబుంటు, లిబ్రేఆఫీస్ లాంటివి తమ ప్రోగ్రాములను టోరెంట్‌లో కూడా ఇస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి తన కితాబులను అలా ఇస్తోంది. బజారులో దొరకని పాత ఉర్దూ, తెలుగు పుస్తకాల స్కాన్లు అక్కడున్నాయి. నేనూ దించుకుంటాను, దించుకున్నాక కొన్నాళ్లు పంచుతాను. నలుగురూ చూసినా సిగ్గుపడనక్కర్లేని పనికి టోరెంట్ మంచి సాధనం. అదే నా కొలత: నా పతా గుంపులో అందరికీ కనబడుతుందని తెలిసి కూడా ఈ ఫైల్ తీసుకోగలనా?

ఇంట్లో చేయాల్సిన పనులు కూడా పెద్దవేం కావు. వైఫై పాస్‌వర్డ్ మార్చండి. మెహ్మాన్లకు, పక్కింటి పిల్లలకు రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టండి. కాకపోతే ఆ నెట్ కూడా మీ పేరు మీదే నడుస్తుందని మరవకండి. టోరెంట్ ప్రోగ్రామ్ కంప్యూటర్‌తో పాటే మొదలవకుండా ఆపండి. అది ఏ ఫోల్డర్ పంచుతోందో తెరిచి చూడండి. సినిమా అని వచ్చిన ఫైల్ పేరు చివర ‘.ఎక్స్‌ఈ’ ఉంటే తెరవకుండా తీసేయండి. ఫొటోలు, కాగితాలు విడిగా ఒక హార్డ్ డిస్క్‌లో దాచి, దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీసి ఉంచండి. విదేశం వెళ్లే పిల్లల లాప్‌టాప్‌లో టోరెంట్ ఉంటే పచ్చళ్ల డబ్బాలు సర్దేముందే తీసేయించండి.

అన్నిటికంటే ముందు పిల్లలతో మాట్లాడండి. తిట్టడానికి కాదు, ఫోన్లు లాక్కుని వెతకడానికి అసలే కాదు. ఇంట్లో తజస్సుస్ మొదలైతే పిల్లలు ఇంకో తలుపు వేసుకుంటారు. నెట్ బిల్లు మీద ఎవరి పేరుందో చూపించి, “బేటా, నువ్వు చేసే ప్రతి పనికీ ఈ పేరు జిమ్మేదార్” అని చెప్పండి. అబ్బా పేరు అమానత్ అని తెలిసిన పిల్లాడు నొక్కేముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణం చాలు.