పచ్చడి సీసా పక్కన పెట్టి చూడండి

కర్నూలు, కడప ఇళ్లలో ఎవరైనా విదేశానికి బయల్దేరుతున్నారంటే రెండు తయారీలు జరుగుతాయి. ఒకటి కాగితాలది: పాస్‌పోర్టు, వీసా, ఆఫర్ లెటర్, సర్టిఫికెట్ల జిరాక్సులు. రెండోది వంటింటిది: గోంగూర, ఆవకాయ, చెనిక్కాయల పొడి, నిప్పట్లు. బరువు ఎక్కువైతే సూట్‌కేసులోంచి బట్టలు తీసేస్తారు గానీ పచ్చళ్లు తీయరు. అమ్మ ప్రేమకు నేను వంక పెట్టను. కానీ, వెళ్లే చోట జనం ఏం తింటారు, ఎలా తింటారు అనే ప్రశ్న ఈ రెండు తయారీల్లోనూ ఉండదు. ఉద్యోగానికి బయటికి వెళ్లేవాళ్లకు ఇంగ్లిష్ ఎంత ముఖ్యమో, ఈ ప్రశ్నా అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

నాకు ఈ అభిప్రాయం కలగడానికి కారణం ఒక వాన. 2024 ఏప్రిల్‌లో క్లయింట్ పని మీద దుబాయ్ వెళ్లాను. 17న తిరుగు ప్రయాణం. 16న వాన మొదలైంది. అక్కడ 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన ఎప్పుడూ పడలేదు. అల్ ఐన్ ప్రాంతంలో ఒక్కచోటే 24 గంటల్లోపు 254 మిల్లీమీటర్లు కురిసింది. మన కడప జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 700. అంటే మన ఏడాది వానలో మూడోవంతుకు పైగా ఒక్క రోజులో, అదీ ఎడారిలో! రన్‌వేల మీద నీళ్లు నిలిచాయి, వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. నా ఫ్లైట్ మూడు రోజులు వాయిదా పడింది.

ఎండిన నేల మీద వాన పడితే ఎలా ఉంటుందో కర్నూలు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. కాబట్టి రోడ్డు మీద నీళ్లు చూసి పెద్దగా భయపడలేదు. అసలు ఇబ్బంది తిండి దగ్గర వచ్చింది. యాప్‌లో ఆర్డర్ పెడితే తెచ్చేవాళ్లు లేరు. తెలుగు మెస్‌కు పోవాలంటే దారి లేదు. నడిచి పోగలిగిన దూరంలో ఉన్నది ఒకే ఒక్క చిన్న కెఫెటీరియా.

రెండు దిర్హమ్‌ల పాఠం

గల్ఫ్‌లో కెఫెటీరియా అంటే మన టీ బంకుకు అన్నలాంటిది. చాలావాటిని నడిపేది కేరళ వాళ్లే. అక్కడ దొరికే కరక్ చాయ్ పేరు మన 'కడక్' నుంచి వచ్చిందే. రెండు దిర్హమ్‌లు ఇస్తే చిక్కటి టీ. దాంతోపాటు రగాగ్ అనే రొట్టె. కాలిన పెనం మీద పిండిని కాగితమంత పల్చగా రుద్ది, పైన గుడ్డు, చీజ్ వేసి మడిచి ఇస్తారు. మా కడప కారం దోశకు దూరపు చుట్టంలా అనిపించింది.

ఆ బల్లల దగ్గర ఎవరెవరో కూర్చునేవాళ్లు. ట్యాక్సీ నడిపే పాకిస్తానీ, సూపర్ మార్కెట్‌లో పనిచేసే నేపాలీ. రాజంపేట కుర్రాడు ఒకడు నా మాట విని, "యా ఊరన్నా మీది?" అంటూ పక్కకొచ్చాడు. ఆ ఊళ్లో జీతాలెంత, అద్దెలెంత, ఏ పనికి ఏ లైసెన్సు కావాలి, ఏజెంట్లు ఎక్కడ మోసం చేస్తారు, ఇవన్నీ నాకు ఆ మూడు రోజుల్లో ఆ బల్ల దగ్గరే తెలిశాయి.

మూడో రోజు రోడ్లు తెరిచాక క్లయింట్ ఆఫీసులో స్థానికుడైన అధికారి ఒకాయన టిఫిన్‌కు పిలిచారు. ముందు గహ్వా వచ్చింది. యాలకులు వేసిన అరబిక్ కాఫీ. పోసేవాళ్లు పాత్రను ఎడమ చేత్తో పట్టుకుని, కప్పును కుడి చేత్తో ఇస్తారు. మనమూ కుడి చేత్తోనే అందుకోవాలి. చిన్న కప్పులో అడుగున కొంచెమే పోస్తారు. అది పిసినారితనం కాదు, మళ్లీ మళ్లీ పోయడమే మర్యాద. చాలు అనుకుంటే కప్పును కొద్దిగా ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు! ఈ సంగతి రాజంపేట కుర్రాడు ముందే చెప్పాడు కాబట్టి బతికిపోయాను.

తర్వాత బలాలీత్ వచ్చింది. చక్కెర, యాలకులు వేసిన సేమియా మీద ఆమ్లెట్. మన సేమియా పాయసం తాగేవాళ్లకు మొదట వింతగానే ఉంటుంది, రెండో ముద్దకు అలవాటైపోతుంది. గోధుమలు, మాంసం గంటల కొద్దీ ఉడికించి మెదిపే హరీస్ గురించి కూడా ఆయన చెప్పారు. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన వంటకం అది. మన హలీంకు మూలం ఆ అరబ్బు వంటే.

ఆయన అడిగారు: "మరి మీ ఊళ్లో ఏం తింటారు?"

రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, ఊరిమిండి అని చెప్పుకొచ్చాను. నీళ్లు తక్కువైన నేల కాబట్టి మాకు అవే పండేవని అన్నాను. ఆయన ఎండు నిమ్మకాయలు, ఎండు చేపలు, ఖర్జూరాల గురించి చెప్పారు. నీళ్లు లేని చోట తిండిని ఎండబెట్టి దాచుకోవడమే వాళ్ల తాతల బతుకు. మేమూ వడియాలు, వరుగులు ఎండబెట్టుకుంటాం అన్నాను. అరగంటలో ఇద్దరం కరువు నేల మనుషులమని తేలిపోయింది. ఆ తర్వాత జరిగిన ఆన్‌లైన్ మీటింగుల్లో మా మధ్య మాట చాలా తేలికైంది.

ఇది రుచి గురించి కాదు

కొందరు అడగొచ్చు: నాకు నచ్చనిది ఎందుకు తినాలి? తినక్కర్లేదు. శాకాహారులు ఉంటారు, మతం రీత్యా కొన్ని ముట్టనివాళ్లు ఉంటారు. "నేను మాంసం తినను, ఇందులో ఏముంది?" అని నవ్వుతూ అడిగితే ఎవరూ బాధపడరు. డబ్బా తెరుచుకుని ఒక మూల నలుగురు తెలుగువాళ్లే కూర్చోవడం మాత్రం నష్టం. ఆఫీసులో సగం సమాచారం భోజనాల బల్ల దగ్గరే తిరుగుతుంది. ఏ టీమ్‌లో ఖాళీ ఉంది, ఎవరు ఎవరికి రిఫరెన్స్ ఇస్తారు అన్నవి మెయిల్‌లో రావు.

మన తిండి గురించి నాలుగు మాటలు చెప్పగలగడం కూడా అంతే అవసరం. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మనం చిన్నతనం అనుకునే సంగటి ముద్ద గురించి వినడానికి ప్రపంచం సిద్ధంగా ఉంది. చెప్పడానికి మనమే మొహమాటపడుతున్నాం.

బయల్దేరే ముందు

ఇంటర్వ్యూకో, జాయినింగ్‌కో వెళ్తుంటే ఒక రోజు ముందే చేరేలా టికెట్ తీసుకోండి. మందులు, ఒక జత బట్టలు, కాగితాల నకళ్లు చేతి బ్యాగులో ఉంచుకోండి. ఫ్లైట్ వాయిదా పడితే వీసా గడువు ఎప్పటివరకో వెంటనే చూసుకోండి. మసాలా పొడి కట్టే ముందు అందులో గసగసాలు ఉన్నాయేమో అమ్మను అడగండి. యూఏఈతో పాటు పలు గల్ఫ్ దేశాల్లో అవి నిషిద్ధం. తెలియక తీసుకెళ్లినా కేసు తప్పకపోవచ్చు.

మరో పని. రాజంపేట, రాయచోటి వైపు పల్లెల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్ వెళ్లి ఇళ్లలో వంట చేసి వచ్చారు. మజ్బూస్ ఎలా వండాలో, అతిథికి కాఫీ ఎలా ఇవ్వాలో, ఆ ఇళ్లలో ఏది మర్యాద, ఏది కాదో వాళ్లకు తెలిసినంత ఏ ట్రైనింగ్ సంస్థకూ తెలియదు. ఊళ్లో వాళ్లను అందరూ ఎంత సంపాదించావని అడుగుతారు. ఏం నేర్చుకున్నావని అడిగేవాళ్లు తక్కువ. వంటమనిషి దగ్గర బీటెక్ వాళ్లు నేర్చుకునేదేముంది అన్న చిన్నచూపు మనలో ఉంది. అది పోవాలి.

కోచింగ్‌కు వేలు పోస్తున్నాం కదా. ఈ ఆదివారం మీ వీధిలో కువైట్ నుంచి వచ్చిన అక్క ఎవరైనా ఉంటే, వాళ్లింటికి వెళ్లి ఒక గంట కూర్చోండి. నోట్‌బుక్ తీసుకెళ్లండి.