పెళ్లి సామాను పట్నానిది... పని లేని చేతులు పల్లెవి

నెక్కొండ: మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడితే ఆడపిల్లను కన్నవారికి బంగారం, భోజనాల తర్వాత పెద్ద లెక్క సామానుదే. డబుల్ కాట్, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా సెట్... ఈ జాబితా ఇప్పుడు ఊరూరా ఒక్కటే అయింది. మిర్చి, పత్తి అమ్మిన సొమ్ము చేతికి రాగానే నెక్కొండ స్టేషన్‌లో రైలెక్కి వరంగల్ దుకాణాలకు వెళ్లేవారు కొందరు. స్తోమత ఉన్నవారు హైదరాబాద్ వరకూ వెళ్తున్నారు. మనుషులు రైల్లో వస్తే సామాను ట్రాలీ ఆటోలో వస్తుంది. అది దిగేటప్పుడు చూసేందుకు చేరే జనంలో ఆ ఊరి వడ్రంగి కూడా ఉంటాడు. మంచానికి మరలు బిగించేందుకు అతడినే పిలుస్తారు.

ఈ మార్పును జనం అభిరుచి మారిందని సరిపెట్టుకోవడం తగదు. దుకాణపు సామానుకూ ఊరి వడ్రంగి చేసే సామానుకూ మధ్య పోటీలో గెలుపును నిర్ణయిస్తున్నది పనితనం కాదు. కర్ర ఎవరికి సులువుగా దొరుకుతోంది, వాయిదాల మీద ఎవరు ఇవ్వగలుగుతున్నారు అన్న రెండు విషయాలే నిర్ణయిస్తున్నాయి. ఈ రెండింటిలోనూ వడ్రంగి చేతులు కట్టేసినట్లే ఉన్నాయి.

నాగలి పోయింది... దర్వాజా పోతోంది

ఒకప్పుడు వడ్రంగికి పని వెతుక్కోవాల్సిన అవసరం ఉండేది కాదు. నాగలి, గుంటుక, బండి చక్రం, మంచం కోళ్లు, పట్టెలు అన్నీ అతని వాకిట్లోనే తయారయ్యేవి. కల్లం దగ్గర రైతు కొలిచి ఇచ్చే గింజలే ఏడాది కూలి. ట్రాక్టర్లు వచ్చాక నాగలి అటకెక్కింది. ఆ తర్వాత వడ్రంగులు ఇళ్ల దర్వాజాలు, కిటికీలు, వాసాలను నమ్ముకున్నారు. స్లాబు ఇళ్లు రావడంతో వాసాలు పోయాయి. ఇనుము, ప్లాస్టిక్, సిమెంటు చట్రాలు రావడంతో కిటికీలూ చేజారాయి. ఇప్పుడు కొత్తింటికి సింహద్వారం మాత్రమే టేకుతో చేయిస్తున్నారు, అదీ శకునం కోసం. మిగిలింది పెళ్లి సామాను. అదీ పట్నం దారి పట్టింది.

సర్కారు పని సైతం వీరి దాకా రాలేదు. 2022లో మొదలైన ‘మన ఊరు-మన బడి’ కార్యక్రమంలో తొలి విడత 9,123 పాఠశాలలను ఎంపిక చేశారు. చేపట్టిన 12 రకాల పనుల్లో పిల్లలకు, ఉపాధ్యాయులకు ఫర్నిచర్ ఒకటి. బల్లల కొనుగోలు రాష్ట్రస్థాయి టెండర్లతో జరిగింది. ఊరి బడికి ఊరి మనిషి బల్ల చేసే వీలు అందులో లేదు. విరిగిన బల్లకు మేకు కొట్టేందుకు మాత్రం మళ్లీ ఊరి వడ్రంగే గతి.

దుకాణంలో మెరిసేది ఏమిటి?

వరంగల్ దుకాణాల్లో కంటికి కనిపించేది కర్ర రంగే కానీ, లోపలున్నది అన్నిసార్లూ కర్ర కాదు. చెక్క ముక్కలను, పొట్టును జిగురుతో కలిపి ఒత్తిడితో అచ్చుపోస్తే పార్టికల్ బోర్డు. చెక్కను పీచుగా మార్చి అచ్చుపోస్తే ఎండీఎఫ్. పలుచని చెక్క పొరలను ఒకదానిపై ఒకటి అడ్డంగా, నిలువుగా అతికిస్తే ప్లైవుడ్. పైన అంటించే రంగు రేకు ఈ మూడింటికీ ఒక్కటే కావడంతో చూపరికి తేడా తెలియదు. వీటికి భారతీయ ప్రమాణాల సంస్థ వేర్వేరు సంఖ్యలు ఇచ్చింది. సాధారణ ప్లైవుడ్‌కు ఐఎస్ 303, నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకానికి ఐఎస్ 710, ఎండీఎఫ్‌కు ఐఎస్ 12406, పార్టికల్ బోర్డుకు ఐఎస్ 3087. ముద్ర పలక మీదే ఉంటుంది. సామానుగా మారి రేకు అంటించిన తర్వాత ఆ ముద్ర కనిపించదు. అమ్మేవాడు చెప్పిందే నమ్మాలి.

బోర్డు సామానంతా నాసిరకమనడం కూడా సరికాదు. తేలిక, ధర తక్కువ, వంకర పోదు, అలంకారం బాగుంటుంది. గోడకు ఆనించి పెట్టి, కదపకుండా వాడుకుంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అయితే పల్లె ఇంటి వాడుక వేరు. పండగకోసారి బండలను బిందెలతో నీళ్లు పోసి కడుగుతారు. వానకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. తడి తగిలిన పార్టికల్ బోర్డు అంచు ఉబ్బిందంటే మళ్లీ మామూలు కాదు. విప్పి ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్తే మర పాత రంధ్రంలో పట్టు దొరకక వదులవుతుంది. పెళ్లి సామాను మెట్టినింటికి ఒకసారి, వేరు కాపురం పెడితే మరోసారి కదలక తప్పదు. అసలు చిక్కు అక్కడే వస్తోంది.

‘టేకు’ అని చెప్పి అమ్మేదాంట్లోనూ తేడాలున్నాయి. మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల తోటల దుంగలు మన అడితీలకు ఎక్కువగా చేరాయి. ‘ఘనా టేకు’ అన్న మాట పల్లె దాకా పాకింది అందుకే. చిన్న వయసులో నరికిన తోట దుంగలో చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. తెల్ల చెక్కను చెద త్వరగా పడుతుంది. రంగు పూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చేవ ఏదో, తెల్ల చెక్క ఏదో చిత్రిక పట్టిన మరుక్షణం చెప్పగలిగేది వడ్రంగి ఒక్కడే. విచిత్రమేమంటే కొనేటప్పుడు అతడిని వెంట తీసుకెళ్లే ఆనవాయితీ లేదు. ఎడ్లను కొనేందుకు అంగడికి వెళ్లేటప్పుడు తెలిసినవారిని వెంటబెట్టుకుని పోయిన రైతులే, పెళ్లి మంచానికి మాత్రం దుకాణదారు మాటను ప్రమాణంగా తీసుకుంటున్నారు.

ఇక 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో స్వీడన్ సంస్థ ఐకియా దేశంలోనే తన తొలి దుకాణాన్ని తెరిచింది. నాలుగు లక్షల చదరపు అడుగుల ఆ భవనంలో ఏడు వేలకు పైగా వస్తువులు పెట్టారు. నెక్కొండ నుంచి అక్కడికి వెళ్లి కొనేవారు తక్కువే కావచ్చు. కానీ పెట్టెలో విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లో బిగించుకునే పద్ధతి, ధర చీటీ ముందే అంటించి ఉండే పద్ధతి జిల్లా దుకాణాలకూ ప్రమాణంగా మారాయి. బేరం, కొలత, గడువు అన్నీ నోటిమాటగా సాగే వడ్రంగి పని దీని ముందు వెలవెలబోతోంది. ధర ముందే చెప్పకపోవడం, చెప్పిన తేదీకి ఇవ్వకపోవడం వడ్రంగుల వైపు నుంచి ఉన్న లోపమే. ముహూర్తం ఆగదు కదా!

కర్రకు దారేది?

పాకాల అడవి దగ్గరే ఉన్నా అక్కడి కర్ర మీద చెయ్యి వేసే వీల్లేదు. అది అభయారణ్యం, వేయకూడదు కూడా. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు తర్వాత దేశమంతటా అడవి నరికివేతపైనా, కోత మిల్లులపైనా పట్టు బిగిసింది. 2016లో కేంద్రం కలప ఆధారిత పరిశ్రమలకు మార్గదర్శకాలు ఇచ్చి, లైసెన్సుల పరిశీలనను రాష్ట్రస్థాయి కమిటీలకు అప్పగించింది. అడవిని కాపాడేందుకు ఈ నియమాలు అవసరమే. వాటిని తప్పుపట్టాల్సిన పని లేదు. అయితే అటవీశాఖ డిపోల్లో కలపను లాట్లుగా వేలం వేస్తారు. ఒక్క మంచానికి సరిపడా కర్ర కావాల్సిన వడ్రంగి ఆ వేలంలో పాడలేడు. అడితీలో చిల్లరగా కొంటే ధర పెరుగుతుంది. రైతు పొలం గట్టు మీది టేకు కొందామంటే నరికేందుకు అనుమతి, తరలించేందుకు అనుమతి కావాలి. నాలుగు చెట్ల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే ఓపిక రైతుకూ లేదు, వడ్రంగికీ లేదు. దీంతో వడ్రంగి సైతం అడితీ యజమాని దగ్గర దినకూలీగా మారుతున్నాడు.

2015లో మొదలైన హరితహారంలో రైతుల గట్ల మీద నాటేందుకు టేకు మొక్కలు పంచారు. టేకు చేవదేరేందుకు ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది. నాడు నాటి బతికిన మొక్కలు ఇప్పుడు సగం దారిలో ఉన్నాయి. వాటికి కోత, రవాణా అనుమతులను మండల స్థాయిలోనే సులువుగా ఇచ్చే ఏర్పాటు ఇప్పటి నుంచే చేస్తే రైతుకూ లాభం, వడ్రంగికీ పని.

సున్నా వడ్డీ మాయ

దుకాణాల ముందు ‘సున్నా వడ్డీ’ అన్న బోర్డు ఉంటుంది. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ ఖర్చును మరో రూపంలో కొనుగోలుదారు నుంచే రాబడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. నగదు ఇస్తే వచ్చే తగ్గింపును వాయిదాల్లో ఇవ్వకపోవడం, ముందస్తు రుసుం వసూలు చేయడం ఇందులోని కిటుకు. అయినా పెళ్లినాటికి సొమ్ము సర్దుబాటు కాని కుటుంబానికి వాయిదా ఒక ఊరటే. వడ్రంగి దగ్గర ఇది తలకిందులు. కర్ర తెచ్చేందుకు అతడే ముందుగా డబ్బు అడుగుతాడు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేలు, పూచీకత్తు లేకుండా అయిదు శాతం వడ్డీకి తొలి విడత రూ.లక్ష, అది తీర్చాక రూ.2 లక్షల రుణం ఇందులో ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. కరెంటు రంపం, డ్రిల్లింగ్ యంత్రం వస్తే పని వేగం పెరుగుతుంది. కానీ యంత్రం కింద పెట్టేందుకు కర్ర ఏదీ అన్న ప్రశ్నకు పథకంలో జవాబు లేదు. పైగా కలపపైనా, ప్లైవుడ్‌పైనా 18 శాతం జీఎస్టీ ఉంది. నమోదు లేని వడ్రంగి ఆ పన్ను కట్టి కొంటాడు, తిరిగి రాబట్టుకోలేడు. పెద్ద తయారీదారు తాను కట్టాల్సిన పన్నులోంచి దాన్ని మినహాయించుకుంటాడు.

ఇల్లు చిన్నది... మంచం పెద్దది

2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో రూ.5 లక్షల సాయంతో కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకోవాలి. దుకాణంలోని డబుల్ కాట్ ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు అనుకుంటే అదొక్కటే 39 చదరపు అడుగులు. ఇంటిలో దాదాపు పదో వంతు. బీరువా తలుపు తెరిస్తే మంచానికి తగిలే గదులు ఎన్నో. పొద్దున ఎత్తి గోడకు నిలబెట్టే నవారు మంచంలోని తెలివి ఈ కొలతలు చూస్తేనే బోధపడుతుంది. గది చూసి, కొలిచి, కింద అరలున్న మంచం చేసిపెట్టగలవాడు ఊళ్లోనే ఉన్నాడు. చిన్న ఇళ్లు పెరిగేకొద్దీ ఈ పనికి గిరాకీ రావాలి. వడ్రంగులు నలుగురు కలిసి నాలుగు నమూనాలు చేసి, ధర చీటీ అంటించి అంగడి రోజున పెడితే చూసేవారు ఉండకపోరు.

నేల మీద పరిచే జంపఖానాదీ ఇదే కథ. వరంగల్ తివాచీలు 1851 లండన్ ప్రదర్శనలో నిలిచాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా సోఫా ముందు పరిచేందుకు పానిపట్ యంత్రపు తివాచీ కొని, కొత్తవాడ మగ్గాల పక్కనుంచే ఇంటికి తెచ్చుకుంటున్నారు.

బిల్లు మరవొద్దు

ఎక్కడ కొన్నా, ఎవరితో చేయించినా చేతిలో కాగితం ఉండాలి. లోపలి పలక ఏ రకమో, కర్ర ఏ జాతిదో, ఎన్నేళ్ల పూచీయో బిల్లు మీద రాయించుకోవాలి. మోసం జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కొన్నచోట కాకుండా తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు రుసుం లేదు. గడువు రెండేళ్లు. సలహా కోసం 1915 నంబరు ఉంది.

పెళ్లి సామానుకు మరో కాగితం కూడా అవసరం. వరకట్నం అడగడం, ఇవ్వడం 1961 చట్టం ప్రకారం నేరం. ఎవరూ అడగకుండా ఇష్టపూర్వకంగా ఇచ్చే కానుకలకు 1985 నిబంధనల ప్రకారం జాబితా రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం అందులో ఉండాలి. వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. కాపురంలో తేడా వచ్చి మంచం, బీరువా ఎవరివన్న పంచాయితీ పోలీస్ ఠాణాకు చేరినప్పుడు, దుకాణపు బిల్లుతో పాటు అడిగేది ఆ జాబితానే.