తీపి వైన్ల పోలిక నుంచి వేంపల్లె చీనీ తోటకు ఒక పాఠం

ఉద్యానశాస్త్ర విద్యార్థులుగా ఒకప్పుడు ఒకే వసతిగృహంలో ఉన్న నలుగురు మిత్రులము ఇటీవల బెంగళూరులో కలుసుకొన్నాము. విదేశంలో పనిచేస్తున్న మిత్రుడు రెండు తీపి వైన్లు తెచ్చారు. ఒకటి హంగరీలోని టొకాయ్ ప్రాంతపు ‘అసూ’, రెండవది పోర్చుగల్‌లోని డోరో లోయకు చెందిన ‘పోర్ట్’. నాసిక్ ప్రాంతంలో ఆలస్యంగా కోసిన షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో తయారైన మూడవదానిని అక్కడే కొన్నాము. వేంపల్లె నుంచి వచ్చిన మిత్రుడు పాపాఘ్ని పరీవాహకంలోని తమ తోట నుంచి ఒక సంచి నిండా చీనీకాయలు తెచ్చారు. మద్యపానాన్ని ప్రోత్సహించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ సాయంత్రం మేము గ్రహించిన విషయాలు రాయలసీమ పండ్లతోటల విస్తరణకు పనికివస్తాయన్న నమ్మకంతోనే దీనిని వ్రాస్తున్నాను.

సీసాలకు కాగితం చుట్టి, అంకెలు మాత్రమే వేసి, తలా రెండు గుక్కల చొప్పున రుచి చూశాము. మొదట పోర్ట్, తరువాత నాసిక్ వైన్, చివరగా అసూ వచ్చాయి. పోర్ట్ తరువాత నాసిక్ వైన్ పలుచగా, పుల్లగా ఉన్నదని అందరమూ అన్నాము. మరునాడు క్రమం మార్చి దానినే ముందు తీసుకొన్నప్పుడు తేనెవలె ఉన్నదని మెచ్చుకొన్నాము. వైన్ మారలేదు, దానికి ముందు నాలుకపై ఉన్న రుచి మారింది. అంతకన్న ఆశ్చర్యకరమైన విషయం మరొకటి. మూడింటిలో అత్యంత తీయనిది పోర్ట్ అని ముగ్గురము వ్రాశాము. కాని అసూకు 2013 నాటి నిబంధన ప్రకారం లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలి; పోర్ట్‌లో సాధారణంగా ఉండేది సుమారు 100 గ్రాములు. చక్కెర అధికంగా ఉన్న వైన్ తక్కువ తీపిగా తోచడానికి కారణం దానిలోని ఆమ్లత. టొకాయ్‌లో ప్రధానమైన ఫుర్మింట్ రకం ద్రాక్ష సహజంగానే పులుపు నిలుపుకొంటుంది. ఆ పులుపు తీపిని అణచి, నోటికి వెగటు కలుగకుండా చేస్తుంది. చివరకు అందరమూ మరల కోరుకొన్నది అసూనే.

చీనీకాయ విషయంలోనూ నాలుకను నడిపేది ఈ నిష్పత్తియే. ఉదాహరణకు రెండు కాయల రసంలో కరిగిన ఘనపదార్థాలు (టి.ఎస్.ఎస్.) 10 డిగ్రీల బ్రిక్స్ చొప్పున సమానంగా ఉన్నాయనుకొందాము. ఒకదానిలో ఆమ్లత 0.5 శాతం, మరొకదానిలో 1 శాతం అయితే తీపి-పులుపుల నిష్పత్తి మొదటిదానిలో 20, రెండవదానిలో 10. రిఫ్రాక్టోమీటరు రెండింటికీ ఒకే అంకె చూపుతుంది, వినియోగదారుడు మాత్రం మొదటిదానినే మరల కొంటాడు. కాయ చెట్టుపై పక్వమయ్యేకొద్దీ చక్కెర పెరిగి పులుపు తగ్గుతుంది. చీనీ కోత తరువాత మాగే పండు కాదు. అరటివలె గదిలో ఉంచితే తీపి రాదు. తొడిమ తెగిన నాటి రుచే దాని తుదిరుచి. కనుక రుచికి సంబంధించినంతవరకు కోత తేదీని నిర్ణయించడమే రైతు చేసే కడపటి పని.

ఈ నిర్ణయం నేడు దేనిపై ఆధారపడుతున్నది? వేంపల్లె, పులివెందుల ప్రాంతాలలో కాయ పరిమాణం, తొక్కరంగు, ఆనాటి టన్ను ధర చూసి కోతకు దిగడం పరిపాటి. వీటిలో తొక్కరంగు మన వాతావరణంలో నమ్మదగిన గుర్తు కాదు. నారింజజాతి పండ్లలో పసుపు రంగు తేరడానికి చల్లని రాత్రులు కావాలి. వెచ్చని రాత్రుల కాలంలో లోపల పక్వమైన కాయ పైకి పచ్చగానే కనిపించవచ్చు. ఎథిలిన్ తగిలించిన అపక్వపు కాయ పసుపుపచ్చగా మెరవవచ్చు. పరిమాణం కూడా రుచికి హామీ ఇవ్వదు. కోతకు ముందు నీరు ఎక్కువగా పెడితే కాయ బరువెక్కుతుంది, రసంలోని సారం పలుచబడుతుంది. బరువుకు మాత్రమే ధర చెల్లించే విపణి, ఒక విధంగా, నీటికి ధర చెల్లిస్తున్నది. బోరులు ఎండిపోయే నేలలో ఇంతకన్న విపరీతమైన ప్రోత్సాహం ఉండదు.

టొకాయ్ రైతు చేసేది దీనికి సరిగా వ్యతిరేకం. శరదృతువులో ఉదయపు పొగమంచు, మధ్యాహ్నపు ఎండ కలిసినప్పుడు బోట్రైటిస్ సినెరియా అనే శిలీంధ్రం ద్రాక్షతొక్కను పలుచబరచి, నీటిని ఆవిరి కానిస్తుంది. తడి వాతావరణం కొనసాగితే తోటను కుళ్లబెట్టే శిలీంధ్రం కూడా ఇదే. రైతు ఆ ప్రమాదానికి ఓర్చి, ముడుతలు పడిన గింజలను ఒక్కొక్కటిగా ఏరుతాడు. బరువు పోతుంది, విలువ పెరుగుతుంది. ఆ విలువను గుర్తించే కొనుగోలుదారులు, ప్రమాణాన్ని నిర్దేశించే నిబంధన ఉన్నందువలననే అతడు వేచి ఉండగలుగుతున్నాడు.

వేంపల్లె రైతును వేచి ఉండమని చెప్పేముందు ఈ భేదాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు నిజాయితీగా అంగీకరించాలి. చెట్టుపై ప్రతి అదనపు వారమూ రసం పీల్చే రెక్కపురుగు, కాయరాలుడు, ధర పతనం అనే ముప్పులను తెస్తుంది. తియ్యని టన్నుకూ పుల్లని టన్నుకూ ఒకే ధర ఇచ్చేచోట ‘పక్వమయ్యాక కోయండి’ అన్న సలహా రైతు చెవికి ఉపన్యాసంగానే తోస్తుంది. రుచిని బేరంలో ఒక అంశంగా చేయగలిగినప్పుడే ఆ సలహాకు బలం వస్తుంది. అందుకు తొలిమెట్టు, కొనేవారూ అమ్మేవారూ ఒకే బల్ల వద్ద కూర్చొని రుచులను పోల్చడమని నా అభిప్రాయం.

పోలికకు ఒక పద్ధతి కావాలి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లను పేర్లు కప్పి పరీక్షకు పెట్టినప్పుడు, ఫ్రెంచి నిపుణులే తెలుపు, ఎరుపు విభాగాలు రెండింటిలోనూ కాలిఫోర్నియా వైన్లకు ప్రథమస్థానం ఇచ్చారు. పేరు కనబడితే నాలుక స్వతంత్రంగా ఉండదు. మిత్రుల మధ్య మరొక దోషం కూడా చూశాము. మాలో గట్టిగా మాట్లాడే వ్యక్తి ముందుగా అభిప్రాయం చెప్పిన ప్రతిసారీ మిగిలినవారము తలలూపాము. మౌనంగా వ్రాసి, తరువాత చదివినప్పుడు మాత్రమే నలుగురికీ నాలుగు నాలుకలు ఉన్నట్లు తెలిసింది. గ్రామసభలో పెద్దరైతు మాటకు ఇదే బలం ఉంటుందని మనకు తెలియనిది కాదు.

కడప సమీపంలోని ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు కోతకాలంలో వేంపల్లె తోటలోనే ఇటువంటి పరీక్షను స్వల్ప వ్యయంతో నిర్వహించవచ్చు. రంగపూర్ నిమ్మ, జంబేరి వేరుమూలాలపై పెరిగిన సాత్‌గుడి కాయలు. రెండు వారాల తేడాతో కోసినవి. కోతకు ముందు నీరు తగ్గించినవి, తగ్గించనివి తీసుకోవాలి. వాటికి మూడంకెల సంకేతాలు ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క క్రమంలో అందించాలి. నమూనాకూ నమూనాకూ మధ్య నీటితో నోరు పుక్కిలించాలి. రైతులు, ఆ ఇంటి స్త్రీలు, వ్యాపారి, పట్టణంలో రసం అమ్మేవారు అందరూ మాట్లాడకముందే మార్కులు వేయాలి. వ్రాయలేనివారి మార్కులను విద్యార్థులు విడిగా నమోదు చేయాలి. ఆ తరువాతనే రిఫ్రాక్టోమీటరు, ఆమ్లత ఫలితాలను వెల్లడించాలి. ముందే అంకె చెబితే అది మరొక సీసా పేరుగా మారుతుంది.

ఒక పరీక్షతో టన్ను ధర మారదు. అయితే తన తోటలో ఏ మడి కాయ, ఏ వారంలో, ఎంత నీటితో మెప్పు పొందిందో రైతు చేతికి ఆధారం వస్తుంది. నేరుగా రసం దుకాణాలకు, పట్టణపు కొనుగోలుదారులకు అమ్మదలచిన రైతు ఉత్పత్తిదారుల సంఘానికి బేరం మొదలుపెట్టడానికి ఆ ఆధారం అవసరం. దిగుబడి, పరిమాణాలతో పాటు రుచి పోలికను కూడా క్షేత్రప్రదర్శనల నమోదు పత్రంలో ఒక వరుసగా చేర్చాలని కోరుతున్నాను.

చివరిగా ఒక సంగతి. మొదటి రాత్రి వైన్ల తరువాత వేంపల్లె చీనీని కోసి తిన్నాము. పుల్లగా ఉన్నదన్నాము, మిత్రుడు చిన్నబోయారు. మరునాటి ఉదయం పరగడుపున అదే సంచిలోని కాయలను తిని, నలుగురమూ రెండేసి అడిగి తీసుకొన్నాము. సరియైన పద్ధతిలో రుచి చూడకుండా ఒక రైతు పంటపై తీర్పు చెప్పడం ఎంత అన్యాయమో ఆ ఉదయం మాకు బోధపడింది.