ఏడువందల గుఱ్ఱములు, పదునెనిమిది క్రేట్లు

వాహనముల యోగ్యతను నిర్ణయించుటలో నేడు లోకమున ఒక విచిత్రమైన ప్రమాణము ప్రబలియున్నది. ఎంత బరువు మోయును, ఎట్టి దారిలో మోయును, ఎన్నేండ్లు మోయును అను పాతప్రశ్నలు వెనుకబడి, కదలిన క్షణమునుండి ఎన్ని సెకన్లలో ఎంత వేగమందుకొనును అను ప్రశ్న ఒక్కటియే పీటవేసికొని కూర్చున్నది. పందెపు కారు విషయమున ఇది న్యాయమే. కాని సరకు మోయుటకై పుట్టిన పికప్ ట్రక్కును సైతము ఈ త్రాసుననే తూచి, అశ్వశక్తి అధికముగా గలదే ఉత్తమమైన ట్రక్కని తీర్పు చెప్పుచుండగా, ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పినది కాదు.

టెక్సస్‌లో స్థిరపడిన మా అక్క కొడుకు నిరుడు తిరుపతికి వచ్చినప్పుడు, ఫోనులో ఒక బండి బొమ్మను చూపి, "మామా, ఇది రామ్ టీఆర్ఎక్స్. ఏడు నూర్ల రెండు గుర్రాలు! మన బొలేరోలు దీని ముందర ఏపాటి?" అని అడిగెను. 2021 మోడలుగా వెలువడిన ఆ ట్రక్కున 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వి-8 ఇంజను కలదు. గంటకు అరువది మైళ్ల వేగమును అది నాలుగున్నర సెకన్లలో అందుకొనును. దానికి పోటీగా ఫోర్డువారు 2023 మోడలుగా 700 అశ్వశక్తిగల రాప్టర్ ఆర్‌ను దింపిరి. ఈ అంకెలతో నాకు పేచీ లేదు; వీనినుండి "ఇంతకు మించిన ట్రక్కు లేదు" అని మావాడు తీసిన సిద్ధాంతముతోనే నా పేచీ.

మొదట ఆ గుఱ్ఱములకు ఇచ్చట గల పని యెంతయో లెక్కవేయుదము. అలిపిరినుండి తిరుమలకు ఎక్కవలసిన ఎత్తు దాదాపు 700 మీటర్లు. ఘాట్‌రోడ్డుపై దేవస్థానమువారు విధించిన నియమము లోకవిదితమే: ఎక్కుటకు 28 నిమిషములకు తగ్గరాదు, దిగుటకు 40 నిమిషములకు తగ్గరాదు; గేటువద్ద కాలము నమోదగును, ముందుగా చేరినవాడు దండ్యుడు. మావాడు చూపిన ఆ ట్రక్కు ఖాళీగానే ఇంచుమించు 2.9 టన్నులు తూగును. నడుపువానితో కలిపి మూడు టన్నులనుకొందము. మూడు టన్నుల బరువును 700 మీటర్ల ఎత్తునకు 28 నిమిషములలో లేపుటకు కావలసినది సగటున 16 అశ్వశక్తి మాత్రమే. చక్రముల రాపిడికి, గాలి యెదురునకు, మలుపుల దగ్గరి తడబాటునకు ఉదారముగా మరికొంత కలిపి నలువది అనుకొన్నను, మిగిలిన ఆరువందల అరువదిరెండు గుఱ్ఱములు ఆ అరగంటసేపు ఏమి చేయుచుండును? సర్వదర్శనపు క్యూలో నిలుచుండునా?

ఇక మోతకు వత్తము. వేగమునకు మూల్యము ఊరక చెల్లదు. ఈ బండి దానిని మోతతో చెల్లించినది. ఎడారి దిబ్బలపై ఎగిరి పడినను నడుము విరుగకుండ, వెనుక చక్రములు ముప్పదిమూడు సెంటీమీటర్ల మేర పైకిని క్రిందికిని ఆడునట్లు మెత్తని చుట్టస్ప్రింగులు అమర్చిరి. ఎగురుటకు మెత్తనైనది మోయుటకు కుంగును గనుక, దానిపై ఉంచదగిన బరువు 1,310 పౌన్లు, అనగా 594 కిలోలు. అందు ఎక్కి కూర్చున్న మనుష్యుల బరువును కలిసియే యున్నది. మన బొలేరో పికప్పులలో 1.7 టన్నుల రకమునకు ఇంజను శక్తి 75 గుఱ్ఱములకు అటునిటు. వెనుక ఉన్నవి మొరటు కమాను కట్టలు. మోత 1,700 కిలోలు. టమోటా క్రేటుకు 25 కిలోల చొప్పున వేసిన, ఇద్దరు మనుష్యులు పోను ఆ ఏడువందల గుఱ్ఱముల బండి మోయునవి పదునెనిమిది క్రేట్లు. మన బొలేరో ఎంత తగ్గించి లెక్కించినను అరువదికి తగ్గదు. ట్రెయిలరు తగిలించిన ఆ బండి మూడున్నర టన్నులకు పైగా లాగును గదా అందురేని, నిజమే. కాని మామిడికాయల కాలమున గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులుతీరిన ట్రాక్టర్లను చూడుడు. నలుబది యేబది గుఱ్ఱములతోనే అవి ఆ పని చేయుచున్నవి.

మోతను మించిన పరీక్ష దిగుడు. పలమనేరులో రాత్రివేళ టమోటా ఎత్తుకొని, తెల్లవారకముందే కోయంబేడు చేరవలసిన బండ్లు మొగిలి ఘాటు దిగునప్పుడు నేనొకసారి ఒక డ్రైవరు ప్రక్కన కూర్చుంటిని. ఘాటు మొదలుకాకమునుపే అతడు గేరు తగ్గించెను. బండి గుర్రుమనుచు తన వేగమును తానే బిగబట్టుకొని దిగసాగెను. బ్రేకుపై కాలు తాకీతాకనట్లుండెను. నా చూపు గ్రహించి అతడు, "ఎక్కించేది ఎవురైనా ఎక్కిస్తారు సామీ, దించేదాంట్లోనే ఉండాది పనితనమంతా. ఒక్కసారి గట్టిగా బ్రేకు కొడితిమా, అడుగు క్రేట్లలో పండంతా రసమే" అనెను. ఎడతెగక బ్రేకు త్రొక్కిన అది కాగి పట్టు సడలును. ఇంజనే పగ్గమైనప్పుడు ఆ భయము తగ్గును. నాలుగున్నర సెకన్ల పరీక్షలో ఈ విద్యకు మార్కు లేదు.

"శక్తి మిగులుగా నుండుట మంచిదే గదా, ఆపదలో అక్కరకు వచ్చును" అని కొందరందురు. మిగులు మంచిదే, కాని పదిరెట్ల మిగులును మోయుటకు బండి తానే బరువెక్కి, గాలనుకు పన్నెండు మైళ్లు, అనగా లీటరుకు అయిదు కిలోమీటర్లు మాత్రమే నడచుచు, ఎదిగిన దేహముతో దారిని మ్రింగుచున్నప్పుడు అది మిగులు కాదు, దండుగ. దాని వెడల్పు 2.2 మీటర్లు, మన పల్లెల ఒంటివరుస రోడ్డు 3.75 మీటర్లు. అట్టివి రెండు ఎదురుపడినచో ఒకటి చేనిలోనికి దిగవలసినదే. పొట్టిదైనను చిక్కని పాలిచ్చు పుంగనూరు ఆవును పెంచిన సీమ మనది. ఆకారమును చూచి సత్తువను నిర్ణయింపరాదని మనకు మరియొకరు నేర్పవలెనా?

నేను పెద్దబండ్లకు శత్రువును కాను. 2016 ఏప్రిల్‌నుండి మన శ్రీసిటీలోనే ఇసుజువారు పికప్పులు తయారుచేయుచున్నారు. వానిలో సొగసైనవియు కలవు, సొంతదారులకు ఆనందమిచ్చునవియు కలవు. ఆ టెక్సస్ బండియు ఎడారిలో తన పనికి తాను సాటిలేనిదే. ఆనందమునకై కొన్నవాడు ఆనందమునకే కొంటినని చెప్పిన, అతనితో వాదమేల? ఆటవస్తువునకు పనిముట్టు పేరు పెట్టి, దాని కొలబద్దతో నిజమైన పనిముట్టును కించపరచుటనే నేను ఖండించుచున్నాను.

ఆ బొమ్మ చూపిన మరునాడు మావాడు అద్దెకారులో మమ్ము కొండకు తీసికొనిపోయెను. ఉత్సాహముకొలది నడపి, గేటు సమీపించునప్పటికి ఇంకను ఆరు నిమిషములు మిగిలియుండుట గమనించి, దారిప్రక్కన కారు నిలిపి గడియారము చూచుకొనుచు కూర్చుండెను. అంతలో అన్నప్రసాదమునకు కూరగాయలు నింపుకొన్న ఒక పాత బొలేరో, వెనుక కమానులు బల్లపరుపుగా వంగి, క్రింది గేరులో మూలుగుచు మమ్ము దాటి, ఆగకుండ గేటులోనికి సాగిపోయెను. మావాడు దానిని కనుమరుగగువరకు చూచి, "ఎన్ని గుర్రాలు మామా దానికి?" అని మెల్లగా అడిగెను.