బంతుల లెక్క ఎవరి దగ్గర?

బేస్‌బాల్‌లో బుల్‌పెన్ అంటే రిలీఫ్ పిచర్లు చేతులు వేడెక్కించుకుంటూ పిలుపు కోసం కాచుకుని ఉండే చోటు. వాడుకలో ఆ పిచర్ల బృందానికే ఆ పేరు నిలిచిపోయింది. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ ఐదారు ఇన్నింగ్స్ అయ్యేసరికి అలిసిపోతాడు. అప్పుడు మేనేజర్ బుల్‌పెన్‌లోంచి ఒకరిని రప్పిస్తాడు. బయటికి వెళ్లినవాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగడానికి వీల్లేదు. అమెరికా మేజర్ లీగ్‌లో జట్టుకు 26 మంది, అందులో పిచర్లు 13 మందికి మించరాదు, సీజన్‌లో ఆడాల్సినవి 162 మ్యాచ్‌లు. నమ్మకమున్న ఇద్దరు ముగ్గురినే రోజూ దించే మేనేజర్‌కు ఏప్రిల్, మే నెలల్లో గెలుపులు బాగానే వస్తాయి. ఆగస్టు వచ్చేసరికి మోచేతులు మొరాయిస్తాయి. మోచేతి లిగమెంట్ తెగినప్పుడు చేసే టామీ జాన్ శస్త్రచికిత్స 1974లో మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా దాని నుంచి కోలుకుని పిచర్ మళ్లీ మ్యాచ్ ఆడటానికి ఏడాదికి పైగా పడుతోంది.

అలాగని ఎప్పుడూ పొదుపే పాటించాలని కాదు. 2025 వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ పిచర్ యమమోటో ఆరో మ్యాచ్‌లో ఆరు ఇన్నింగ్స్ వేసి, మర్నాడే ఏడో మ్యాచ్ చివర్లో మళ్లీ వచ్చి టొరంటోపై గెలిపించాడు. సీజన్‌లో అదే ఆఖరి రోజు కాబట్టి ఆ నిర్ణయం చెల్లింది. మే నెలలో ఓ మామూలు మంగళవారం అదే పని చేయించి ఉంటే దాన్ని తెగువ అనేవారు కాదు.

క్రికెట్‌లో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. తుది జట్టులో పదకొండు మందే. టాస్ అయ్యాక మామూలుగా కొత్త బౌలర్‌ను పిలిపించే వీలు లేదు. రంజీ లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు, నాకౌట్ అయితే ఐదు రోజులు సాగుతుంది. ముగ్గురు పేసర్లతో దిగిన జట్టులో ఒకరికి తొడ కండరం పట్టేస్తే మిగతా ఇద్దరి మీద ఆ ఓవర్లన్నీ పడతాయి. 2025-26 సీజన్ నుంచి దేశవాళీ బహుళ దినాల మ్యాచ్‌లలో తీవ్రంగా గాయపడిన ఆటగాడి బదులు మరొకరిని దించడానికి బీసీసీఐ అనుమతించింది కానీ, అది బంతి తగిలో కింద పడో అయిన దెబ్బలకే. కండరం పట్టేసినా చిట్లినా ఆ నిబంధన వర్తించదు. పేసర్లను ఎక్కువగా పడగొట్టేవి సరిగ్గా అవే.

అతిగా వేయించిన ఓవర్ల ఫలితం ఆ మ్యాచ్‌లోనే బయటపడదు. ఆస్ట్రేలియాలో 2009లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకే మ్యాచ్‌లో 50 ఓవర్లు దాటిన పేసర్లకు ఆ తర్వాతి మూడు నాలుగు వారాల్లో గాయాల ముప్పు పెరిగింది. ఎముక ఒత్తిడికి తట్టుకునేలా తనను తాను మార్చుకోవడానికి సమయం కావాలి. ఆ సమయం ఇవ్వకుండా బంతులు పెంచుకుంటూ పోతే నడుము దగ్గరి వెన్నుపూసలో సన్నని బీట పడుతుంది. పదిహేను నుంచి ఇరవై రెండేళ్ల లోపు పేసర్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ వయసుకు వెన్ను ఇంకా గట్టిపడదు. కాబట్టి ఇవాళ ఆ కుర్రాడితో పన్నెండో ఓవర్ వేయించే కెప్టెన్‌కు గాయం కనిపించదు. నెల తర్వాత మరో టోర్నీలో, మరో కోచ్ చేతిలో ఉన్నప్పుడు కనిపిస్తుంది. వేయించినవాడు ఒకడు, నష్టపోయేది ఇంకొకడు కావడం వల్లే ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి మీదా పడకుండా సాగిపోతోంది.

బౌలర్ల నిల్వ ఉన్న జట్టు ఎలా ఉంటుందో భారత జట్టు రెండుసార్లు చూపించింది. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టుకు ప్రధాన బౌలర్లంతా గాయాలతో దూరమయ్యారు. సిరాజ్, శార్దుల్, నటరాజన్, సైనీ, వాషింగ్టన్ సుందర్‌లతో దిగిన జట్టు 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి గెలిచింది. రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ ఐదు వికెట్లు తీశాడు. ఇక 2025లో ఇంగ్లండ్ పర్యటనలో వెన్ను శస్త్రచికిత్స చేయించుకున్న బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే తేల్చారు. చిత్రమేమంటే భారత్ గెలిచిన ఎడ్జ్‌బాస్టన్, ఓవల్ టెస్టులు రెండూ అతను లేనివే. బుమ్రా లేకపోవడమే మేలని దీని అర్థం కాదు. బెంచీ మీద ఆకాశ్ దీప్ లాంటి వాడు సిద్ధంగా ఉండబట్టే బుమ్రాకు విశ్రాంతి ఇవ్వగలిగారు. ఎడ్జ్‌బాస్టన్‌లో పది వికెట్లు తీసింది ఆకాశ్ దీపే. అదే సిరీస్‌లో హైదరాబాద్ పేసర్ సిరాజ్ మాత్రం ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఒకరిని కాపాడటానికి మరొకరిని అరగదీశారన్న మాట కూడా ఇందులో ఉంది.

ఆంధ్ర జట్టు దగ్గరికి వస్తే పరిస్థితి ఇంత వెసులుబాటుగా లేదు. 1953-54లో సి.కె.నాయుడు సారథ్యంలో రంజీలో అడుగుపెట్టిన ఆంధ్ర ఇంతవరకు టైటిల్ గెలవలేదు. గత కొన్నేళ్లలో దగ్గరికైతే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఇందోర్‌లో జరిగిన క్వార్టర్ ఫైనల్లో రికీ భుయ్, కరణ్ షిండే సెంచరీలతో ఆంధ్ర 379 చేసి, మధ్యప్రదేశ్‌ను 228కే కట్టడి చేసింది. 151 పరుగుల ఆధిక్యం. ఆ పైన రెండో ఇన్నింగ్స్‌లో 93కే కుప్పకూలింది. ప్రత్యర్థి 245 పరుగుల లక్ష్యాన్ని ఐదు వికెట్లు కోల్పోయి అందుకుంది. మణికట్టు విరిగిన హనుమ విహారి ఎడమచేతి వాటంతో బ్యాటింగ్ చేసిన ఆ మ్యాచ్‌ను అందరూ అతని తెగువ కోసమే గుర్తుపెట్టుకున్నారు. బౌలర్ల వైపు నుంచి చూసినవాళ్లు తక్కువ. మొదటి ఇన్నింగ్స్ వేసి వచ్చిన పేసర్లకు బ్యాటర్లు ఇవ్వాల్సిన విశ్రాంతి ఇవ్వలేకపోయారు. బూట్లు విప్పి కాసేపు నడుం వాల్చేలోపే మళ్లీ బంతి చేతికొచ్చింది. పేసర్ల నిల్వను బ్యాటర్లు కూడా తినేస్తారనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. మరుసటి ఏడాది అదే ఇందోర్‌లో అదే ప్రత్యర్థిపై 170 లక్ష్య ఛేదనలో నాలుగు పరుగుల తేడాతో ఎదురైన ఓటమిని మాత్రం బౌలర్ల ఖాతాలో వేయడం అన్యాయం. వాళ్లు మధ్యప్రదేశ్‌ను రెండో ఇన్నింగ్స్‌లో 107కే ఆలౌట్ చేశారు.

ఎదిగిన పేసర్ రాష్ట్రానికి దొరకకుండా పోవడం ఆంధ్రకు మరో సమస్య. 2023-24 రంజీలో 25 వికెట్లు తీసిన నితీశ్ కుమార్ రెడ్డి 2024 నవంబర్‌లో పెర్త్‌లో టెస్టు అరంగేట్రం చేశాడు. అప్పటి నుంచి ఆంధ్రకు అతను అరుదైన అతిథే. ఎడమచేతి పేసర్ యర్రా పృథ్వీరాజ్‌ను 2019 ఐపీఎల్‌కు కోల్‌కతా తీసుకుంది. 2020లో భువనేశ్వర్ గాయపడినప్పుడు హైదరాబాద్ సన్‌రైజర్స్ అతన్నే బదులుగా పిలిచింది. ఉమ్మడి కడప జిల్లా పేసర్ హరిశంకర్ రెడ్డి 2021లో చెన్నైకి వెళ్లాడు. పిలుపులు రావడం సంతోషమే. అయితే ఫ్రాంచైజీ నెట్స్‌లో రెండు నెలల పాటు వేసిన బంతులు రాష్ట్ర సంఘం లెక్కలోకి చేరకపోతే, అక్టోబర్‌లో రంజీ మొదలయ్యేసరికి ఆ బౌలర్ ఏ స్థితిలో ఉన్నాడో కోచ్‌కు అంచనా దొరకదు. మ్యాచ్‌ల మధ్య మూడు రోజుల విరామంతో వరుసగా పది మ్యాచ్‌లంటే గాయాలు తప్పవని శార్దుల్ ఠాకూర్ 2024లో బాహాటంగానే అన్నాడు. తర్వాతి సీజన్ నుంచి బోర్డు రంజీని రెండు విడతలుగా జరుపుతోంది. రాష్ట్రాలకు దానివల్ల కొంత ఊపిరి ఆడింది.

పైస్థాయి జట్టుకు బుల్‌పెన్ లాంటిది అండర్-23 జట్టు. ఆ స్థాయి జాతీయ టోర్నీ పేరు కూడా ఆంధ్ర తొలి కెప్టెన్ కల్నల్ సి.కె.నాయుడిదే కావడం విశేషం. కానీ ఆ జట్టులోకి వచ్చేవారు తయారయ్యేది కృష్ణా డెల్టా లాంటి చోట్ల, తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల్లో. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేదాకా ఈ మూడూ గుంటూరు జిల్లాలోనివే. క్రికెట్ ఎంపికలు కూడా ఆ పాత జిల్లా చట్రంలోనే పెరిగాయి. రేపల్లెతో రైలు మార్గమే అయిపోతుంది. అక్కడి కుర్రాడు గుంటూరులో ట్రయల్స్‌కు రావాలంటే తెల్లవారకముందే లేచి, కిట్ బ్యాగ్ మోసుకుంటూ తెనాలి మీదుగా వచ్చి, దిగిన గంటకే రనప్ మొదలుపెట్టాలి.

ఈ ప్రాంతపు ఏడాదిని చూస్తే గాయం ఎలా తయారవుతుందో అర్థమవుతుంది. వానాకాలంలో పొలాల్లో వరి. కోతలకు ముందే చాలాచోట్ల వరిలోనే మినుము చల్లుతారు. అందుకని చేలు ఖాళీ అయ్యేది వేసవి ముఖంలోనే. మార్చిలో టెన్త్, ఇంటర్ పరీక్షలు. ఏప్రిల్ రాగానే సెలవులు, ఖాళీ చేలు, టెన్నిస్ బంతి టోర్నీలు, వేసవి శిబిరాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. రెండు మూడు నెలలు బంతి ముట్టని కుర్రాడు ఒకే నెలలో వందల బంతులు వేస్తాడు. శరీరానికి బెడద మొత్తం బంతుల సంఖ్య కన్నా ఆ హఠాత్తు పెరుగుదలతోనే ఎక్కువ. టెన్నిస్ బంతి బరువు 60 గ్రాముల లోపే. తోలు బంతి సుమారు 160 గ్రాములు ఉంటుంది. సిరాజ్‌లా టెన్నిస్ బంతితో మొదలుపెట్టి ఎదిగినవాళ్లు లేకపోలేదు. కానీ ఒకదాని మీంచి మరొకదానికి వారం రోజుల్లో మారితే భుజం ఒప్పుకోదు.

మ్యాచ్ కన్నా నెట్స్‌లోనే అసలు భారం. చిన్న పట్టణాల శిబిరాల్లో ఎక్కువమంది బ్యాటింగ్ కోసమే చేరతారు. బౌలింగ్ మెషీన్ ఉండదు, త్రోడౌన్ వేసే సహాయకుడూ ఉండడు. పొడుగ్గా, బలంగా కనిపించిన కుర్రాడిని అందరికీ వెయ్యమంటారు. నిమిషానికొక బంతి అనుకున్నా గంటన్నరలో 90 బంతులు, అంటే 15 ఓవర్లు. అండర్-14, అండర్-15 పేసర్లకు ఇంగ్లండ్ బోర్డు పెట్టిన పరిమితి రోజుకు 12 ఓవర్లు, ఒక స్పెల్‌కు ఆరు. పైగా ఈ శిబిరాల మ్యాటింగ్ పిచ్ మీద బౌలర్ ముందు పాదం పడే చోట చాప అంచు దాటి గట్టి నేలే ఉంటుంది. ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తాకిడి మడమ గుండా నడుముకు చేరుతుంది. బూటు అరిగినా మార్చే స్తోమత అందరికీ ఉండదు. బాపట్ల వాళ్లకు సూర్యలంక ఇసుక దగ్గరే ఉంది. కాళ్ల బలానికి ఆ ఇసుకలో పరుగు మంచిదే, బౌలింగ్ భారాన్ని అలవాటు చేయడానికి మాత్రం అది సరిపోదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. పాఠశాల జట్టు, క్లబ్బు, వేసవి లీగ్ ఎవరికి వారు ఒకే పిల్లవాడితో వేయించేవారు. అక్కడి లిటిల్ లీగ్ 2007 నుంచి ఇన్నింగ్స్‌కు బదులు బంతులనే లెక్కించి, వయసును బట్టి పరిమితి, తర్వాత ఇన్ని రోజుల విశ్రాంతి అని నియమం పెట్టింది. 2014లో మేజర్ లీగే వయసులవారీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ తర్వాత కూడా గాయాలు ఆగలేదు, నిజమే. వేగం మీద మోజు పెరిగి కుర్రాళ్లు ప్రతి బంతినీ పూర్తి బలంతో వేయడం అందుకొక కారణం. లెక్క ఉన్నచోట కనీసం ఎక్కడ తప్పిందో వెతకడానికి వీలుంటుంది. పదిహేనేళ్ల పేసర్‌ను లెక్కాపత్రం లేకుండా వాడేయడం విత్తనాల వడ్లు వండుకు తినడమే.

ఆంధ్రలో ఈ లెక్కకు పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. స్కూల్ పీఈటీ, శిబిరం కోచ్, జిల్లా జట్టు మేనేజర్ ముగ్గురూ ఒకే నోటు పుస్తకంలో రాయగలిగితే చాలు. పుస్తకం కుర్రాడి కిట్ బ్యాగ్‌లో ఉండాలి, ఎందుకంటే జట్లు మారినా మారనిది అతనొక్కడే. తేదీ, బంతి రకం, నెట్స్‌లో ఎన్ని, మ్యాచ్‌లో ఎన్ని, నొప్పి ఉందా అన్న ఐదు గడులు సరిపోతాయి. ఎంపికలకు వచ్చేవారిని జనన ధ్రువపత్రం, ఆధార్ అడిగినట్టే గత ఎనిమిది వారాల పేజీలు కూడా అడగవచ్చు. మే నెలలో బంతులు రెట్టింపైన కుర్రాడితో ట్రయల్స్‌లో మూడో స్పెల్ వేయించనక్కర్లేదు. మొదటి ఆరు ఓవర్లు చూసి నిర్ణయం చెప్పి, రేపల్లె రైలుకు పంపేయవచ్చు.