ఊళ్లో ఎక్కడ?

"మీదే ఊరు?" అని అడుగుతారు. చెబుతాను. అక్కడితో ఆగరు. "ఊళ్లో ఎక్కడ?" అంటారు. ఆ రెండో ప్రశ్న కోసమే మొదటిది అడిగారని నాకు ఎనిమిదో క్లాసులోనే అర్థమయింది. ఊళ్లో కాదయ్యా, ఊరి బయట, కాలవకట్ట కింద, మాదిగ్గూడెం. మాయమ్మ కూలికి పోతూ "ఊళ్లోకి పోతన్నా" అనేది. అంటే మేమున్నది ఊరు కాదనేగా!

ఒక్క బందరుకి ఎన్ని పేర్లు! బందరు, మచిలీపట్నం, ఇంగ్లీషోడికి మసూలిపటం. బెజవాడ విజయవాడయింది. 1995లో బొంబాయి ముంబయి, 1996లో మద్రాసు చెన్నయి అయ్యాయి. తెల్లోడి నోట్లో ఊరిపేరు వంకరపోతే ఆత్మగౌరవం పోయిందన్నారు, బోర్డులన్నీ చెరిపి మళ్లీ రాయించారు. మంచిదే. మరి మా గూడేనికి పేరెట్టిందెవరు? మమ్మల్నెవరడిగారు?

మాకూ పేర్లకు కరువు లేదు. తెలంగాణలో వాడ, మా వైపు పల్లె, గూడెం, గోదావరి జిల్లాల్లో పేట. ముందు కులం తగిలిస్తే సరి. 1917లో బెజవాడ సభలో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, మేం పంచములం కాదు ఆది ఆంధ్రులం అన్నారు మావాళ్లు. మా పేరు మేం పెట్టుకున్నది అప్పుడు. తర్వాత గాంధీగారు హరిజనులన్నారు, గూడెం హరిజనవాడయింది. ఆ తర్వాత సర్కారు ఎస్సీ కాలనీ అంది. పట్నంలో కాలనీ అంటే మేడలు. మా వైపు కాలనీ అంటే ఏంటో ఎవర్నడిగినా చెబుతారు, ముక్కు మూసుకుని.

నేను డిగ్రీ చదివేటప్పుడు కుర్రాళ్లం చందాలేసుకుని గూడెం మొగదల రేకుబోర్డు పాతాం. 'అంబేద్కర్ నగర్'. నీలం రంగు అక్షరాలు నేనే రాశాను. మూడోరోజు తెల్లారేసరికి దానిమీద పేడ. కడిగాం. మళ్లీ పేడ. వాళ్ల కొట్టాల్లో ఆ పేడ ఎత్తిపోసేది మా ఆడోళ్లే. "బోర్డు సంగతి సరే, రేపు పనికి పిలవకపోతే ఏం తింటావురా?" అన్నాడు నాయన. ఆరోజు నాయన మీద కోపమొచ్చింది. ఇప్పుడు రాదు.

రేకుబోర్డుకే ఇంత అయితే విశ్వవిద్యాలయానికి ఎంత కావాలి? మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978లో శాసనసభలు తీర్మానం చేస్తే దళితుల ఇళ్లు తగలబడ్డాయి. పేరు మారింది 1994 జనవరి 14న. పదహారేళ్లు! మనం వాళ్లకంటే నయమనుకున్నాం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. బెజవాడకి ఎన్టీఆర్, పుట్టపర్తికి శ్రీ సత్యసాయి. నెల్లూరుకయితే 2008లోనే పొట్టి శ్రీరాములు. ఎవరన్నా అగ్గిపుల్ల గీశారా? కోనసీమకి ముందు అంబేద్కర్ పేరు చేరుస్తామన్నారు, అంతే. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు తగలబెట్టారు. ఆ మంత్రి దళితుడే. కోనసీమ అన్న తియ్యటి పేరు పోతుందని బాధట! ఎక్కడికి పోయింది? అంబేద్కర్ పక్కనే ఉంది. బాధంతా ఆ పక్కనుండటమే. పిల్లల సర్టిఫికెట్ల మీద ఆయన పేరు రాసుకోవాల్సొస్తదనే కదా అయ్యల్లారా?

2020లో మహారాష్ట్ర సర్కారు వాడల పేర్లలో కులం తీసేస్తామంది. నాకిక్కడ పేచీ ఉంది. 1994లో దండోరా పుట్టాక మావాళ్లు పేరు చివర మాదిగ అని తగిలించుకున్నారు, తలెత్తుకుని. మురికి మాటలో లేదు, అనేవాడి నోట్లో ఉంది. బోర్డు మీద కులం చెరిపి, కాలవకట్ట కింద మమ్మల్నట్టాగే ఉంచితే ఎవరికి లాభం? మాయమ్మకి చచ్చేదాకా అది గూడెమే. ప్రేమగానే అనేది.

మొన్న మా అమ్మాయి కాలేజీ ఫారం నింపుతూ గ్రామం దగ్గర ఆగింది. "నాన్నా, ఏం రాయను?" అంది. ఊరిపేరు రాసి, పక్కన మాదిగ్గూడెం, అంబేద్కర్ నగర్ రెండూ రాయమన్నాను. గడి చాల్లేదు. కిందకి దించి రాసింది.