కర్త లేని వాక్యం

“పొరపాటు జరిగినది. సరిచేయబడును.”

నా పూర్వవిద్యార్థిని ఒకమ్మాయి ఈ కాగితం తెచ్చి చూపింది. డిగ్రీ పట్టాలో ఆమె తండ్రిపేరు తప్పుగా పడింది. ఈ నగరంలోని ఒక విద్యాసంస్థ ఆమె అర్జీకి ఇచ్చిన సమాధానమిది. కళాశాలవారు తాము సరిగానే పంపామన్నారు. పరీక్షల విభాగంవారు కంప్యూటరులో ఉన్నదే అచ్చువేశామన్నారు. కంప్యూటరు ఏజెన్సీవారు తమకిచ్చినదే ఎక్కించామన్నారు. తిలాపాపం తలా పిడికెడు!

జీవితమంతా తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి. ఆ రెండు వాక్యాలలోనూ కర్త లేకపోవటమే నా కంటికి ముందుగా తగిలింది. జరిగినది సరే, చేసినదెవరు? సరిచేయబడును సరే, ఎవరిచేత? కర్మణిప్రయోగం తెలుగు నుడికారానికి సహజం కాదని పిల్లలకు చెప్పేవాణ్ణి. కార్యాలయాలకు మాత్రం అది కవచకుండలాల వంటిది.

లాలాగూడ నుండి తార్నాక మీదుగా ఉస్మానియా ప్రాంగణానికి నడిచి వెళ్ళినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. ఏ విద్యాలయపు గ్రంథాలయంలోనైనా ప్రతి పుస్తకానికీ ఒక సంఖ్య ఉంటుంది. అది కనబడకపోతే జవాబు చెప్పవలసినవారుంటారు. పుస్తకానికున్న ఈ పాటి దిక్కు విద్యార్థి పేరుకు, మార్కుకు ఉండనక్కరలేదా? తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నాయి. అక్కడ నింపిన వివరాలు కళాశాలకు, విశ్వవిద్యాలయానికి, ఆపైన డిజిలాకరుకు ప్రయాణం చేస్తాయి. దారిలో దొర్లిన ఒక్క అక్షరదోషం బిడ్డను జన్మంతా వెంటాడుతుంది.

2019 ఏప్రిల్ నాటి ఇంటర్మీడియట్ ఫలితాలను మరచామా? బోర్డు విశ్వవిద్యాలయం కాదు. జబ్బు మాత్రం ఒకటే. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. ఆ రోజులలో పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. త్రిసభ్య సంఘం అటు బోర్డు పర్యవేక్షణలోను, ఇటు సాఫ్ట్‌వేరు సంస్థ పనిలోను లోపాలను ఎత్తిచూపింది. ఆ సున్నాకు గాను దిద్దినవారికి జరిమానా పడింది, సరిచూచినవారికి సస్పెన్షను. చేతులకు శిక్ష పడింది. శిరస్సు సంగతి?

మా బడిలో ప్రవేశపు రిజిస్టరు ఉండేది. అందులో ఒక్క అక్షరం కొట్టివేసినా పక్కన ప్రధానోపాధ్యాయుని పొట్టి సంతకం పడవలసిందే. వ్రాసేది గుమాస్తాయే, బీరువా తాళం ఆయన చేతిలోనే, జవాబుదారీ ప్రధానోపాధ్యాయునిది. ఇప్పుడు దీనికే డేటా గవర్నెన్సు అని పెద్ద పేరు పెట్టారు. పేరు పెరిగింది, సంతకం పోయింది.

సిబ్బంది లేరు, పోస్టులు ఖాళీ అంటారు. నిజమే. ఇన్‌ఛార్జి కూడా కర్తే కదా! ఇది సాంకేతిక విషయం, కంప్యూటరువారికే తెలుస్తుందంటారు. దేవాలయంలో భాండారి దగ్గర తాళంచెవి ఉంటుంది. అంతమాత్రాన అతడు ధర్మకర్త కాడు.

2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెప్పినదీ ఇదే. పనిని ఎవరికి అప్పగించినా, ఒప్పందంలో ఏమి వ్రాసుకొన్నా, బాధ్యత అప్పగించిన సంస్థదే. తప్పును దిద్దించుకొనే హక్కు ఆ వివరాలు ఎవరివో వారిది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ప్రధాన విధుల అమలుకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. గడువు ముగిసేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాలని అందులో ఎక్కడా లేదు.

నేను కోరేది కోటి రూపాయల యంత్రం కాదు. ప్రతి విశ్వవిద్యాలయం తన గుమ్మంలో ఒక పట్టిక వ్రేలాడదీయాలి. ప్రవేశాలు, హాజరు, మార్కులు, పట్టాలు — ఒక్కొక్కదానికి ఎక్కించేదెవరు, సరిచూచేదెవరు, భద్రపరచేదెవరు, తప్పు దొర్లితే ఎన్ని రోజులలో దిద్దేదెవరు? ఆ నాలుగు పనులకూ కలిపి చివర జవాబు చెప్పే అధికారి ఒక్కరే ఉండాలి. పదిమందిని వ్రాస్తే ఎవరినీ వ్రాయనట్లే.

ఆ అమ్మాయి కాగితాన్ని నేను ఎర్రసిరాతో ఇలా దిద్ది ఇచ్చాను: “మేము పొరపాటు చేశాము. ఫలానా తేదీలోగా మేమే సరిచేస్తాము.” క్రింద సంతకానికి చోటు వదిలాను. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.